కదలికకో కారణం

కిరాణా కొట్టులో సరుకులు తీసుకుని ఫోన్‌తో డబ్బు పంపుతాం. పిన్ కొట్టగానే తెర మీద ఒక వలయం తిరగడం మొదలవుతుంది. కాసేపటికి ఆగి, రంగు నిండి, దాని మధ్యలో టిక్కు పడుతుంది. ఆ టిక్కు ఒక్కసారిగా ప్రత్యక్షమైపోదు. ఎడమ నుంచి కాస్త కిందికి దిగి, అక్కణ్నుంచి కుడివైపు పైకి, ఎవరో కలంతో పెట్టినట్టే పడుతుంది. అంతా కలిపి ఒక సెకను కూడా ఉండదు. కొట్టాయన అది చూసి తల ఊపి సంచీ చేతికిస్తాడు.

ఆ సెకను లోపు కదలిక వెనక ఒకరి ఆలోచన ఉంది. వలయం ఎంతసేపు తిరగాలి, టిక్కు ఏ వేగంతో పడితే పని అయిపోయిందని మనసుకు నమ్మకం కుదురుతుంది, నెట్‌వర్క్ నెమ్మదిస్తే ఏం చూపించాలి... ఇవన్నీ ఎవరో కూర్చుని తేల్చినవే. ఈ పనినే వెబ్ యానిమేషన్ అంటున్నాం. బొమ్మ, శబ్దం, అక్షరం, వీడియో కలిపి, చూసేవారి చెయ్యి తగిలితే స్పందించేలా అల్లితే అది ఇంటరాక్టివ్ మల్టీమీడియా.

ఈ విద్య మీద ఆసక్తి ఉన్నవాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు. ఇంటర్ పూర్తి చేసిన పిల్లలు, ఉద్యోగం మారాలనుకుంటున్నవాళ్లు, పాఠాన్ని కొత్తగా చెప్పాలని తపించే టీచర్లు. అందరూ మొదట అడిగేది ఒకటే: ‘ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?’ సహజమైన ప్రశ్నే. అయితే దానితోనే మొదలుపెడితే ఏం జరుగుతుందో ఫ్లాష్ కథ చెబుతుంది.

ఇరవై నాలుగేళ్లు ఏలిన ఫ్లాష్

1996లో ఫ్యూచర్‌వేవ్ అనే చిన్న అమెరికన్ కంపెనీ ‘ఫ్యూచర్‌స్ప్లాష్ యానిమేటర్’ని తెచ్చింది. దాని వెనకున్న ప్రోగ్రామర్ జొనాథన్ గే. ఆ ఏడాది చివర్లోనే మాక్రోమీడియా ఆ కంపెనీని కొని, సాధనానికి ఫ్లాష్ అని పేరు పెట్టింది. టెలిఫోన్ తీగ మీద ఇంటర్నెట్ నత్తనడక నడిచే రోజులవి. ఒక్క ఫొటో తెర మీదికి రావడానికే నిమిషాలు పట్టేది. ఫ్లాష్ బొమ్మను చుక్కల కుప్పగా దాచదు. గీత ఎక్కడ మొదలై ఎలా వంగి ఎక్కడ ముగుస్తుందో లెక్కగా దాచుకుంటుంది. దాంతో ఫైలు చిన్నదైపోయింది. కార్టూన్లు, ఆటలు, వెబ్‌సైట్ తెరవగానే కనిపించే హంగామా దృశ్యాలు వెల్లువెత్తాయి. 2005లో పుట్టిన యూట్యూబ్ కూడా తన వీడియోలను ఫ్లాష్ ప్లేయర్‌లోనే చూపించింది. అదే ఏడాది మాక్రోమీడియాను అడోబ్ కొనేసింది. అమీర్‌పేటలో మల్టీమీడియా కోర్సు అంటే ఫ్లాష్, డ్రీమ్‌వీవర్, ఫొటోషాప్ అనుకున్న కాలం అది.

2007లో వచ్చిన ఐఫోన్ ఫ్లాష్‌కు చోటివ్వలేదు. బ్యాటరీని తినేస్తుందని, భద్రత లేదని, మౌస్ కోసం పుట్టిన సాధనం వేలితో తాకే తెరకు పనికిరాదని 2010 ఏప్రిల్‌లో యాపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖే రాశారు. ఈలోగా బ్రౌజర్లే సొంతంగా బొమ్మలు కదిలించడం నేర్చుకున్నాయి. 2017 జులైలో అడోబ్ గడువు ప్రకటించింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయర్‌కు మద్దతు ఆగిపోయింది. మరుసటి ఏడాది జనవరి 12 నుంచి అందులోని బొమ్మలు కదలడమే మానేశాయి. ఫ్లాష్‌ను అనుకరించి నడిపే రఫుల్ అనే ఎమ్యులేటర్ పుణ్యమా అని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కొన్ని వేల పాత కార్టూన్లు, ఆటలు ఇంకా బతికి ఉన్నాయి. వాటిని చేసినవాళ్ల శ్రమ అలాగైనా మిగిలినందుకు సంతోషం.

ఫ్లాష్ మెనూలో ఏ బటన్ ఎక్కడుందో కంఠతా పట్టినవారికి ఆ రోజుతో విద్య అయిపోయింది. బంతి నేల తాకేముందు వేగం ఎందుకు పెరగాలో తెలిసినవారు మాత్రం సాధనం మార్చుకుని అదే పని కొనసాగించారు. కొత్తగా వచ్చేవారు పట్టుకోవాల్సిన కొస అదే.

నోట్‌బుక్ మూలన బంతి

కంప్యూటర్ తెరవకముందే చేయదగ్గ అభ్యాసం ఒకటుంది. యానిమేషన్ బడుల్లో దాదాపు ప్రతిచోటా తొలి పాఠం ఇదే: ఎగిరిపడే బంతి. పాత నోట్‌బుక్ మూలన పేజీకొక బంతి గీసి, పేజీలు చకచకా తిప్పండి. బంతుల మధ్య ఎడం సమానంగా ఉంటే అది పడుతున్నట్టు ఉండదు, ఎవరో పట్టుకుని దించుతున్నట్టు ఉంటుంది. పడే వస్తువు వేగం పుంజుకుంటుంది. సమానమైన కాల వ్యవధుల్లో అది దాటే దూరాలు 1, 3, 5, 7 నిష్పత్తిలో పెరుగుతాయని గెలీలియో ఎప్పుడో చెప్పాడు. ఆ లెక్కన ఎడం పెంచుతూ గీయండి. బంతికి బరువు వచ్చేస్తుంది.

నేలకు తగిలిన పేజీలో దాన్ని కాస్త నొక్కి వెడల్పు చేయండి. వెడల్పు పెరిగిన మేరకు ఎత్తు తగ్గించాలి, లేకపోతే బంతి ఉబ్బినట్టు కనిపిస్తుంది. పైకి లేచేటప్పుడు ఎడాలు అదే వరసలో తగ్గుతూ పోవాలి. ప్రతి గెంతూ కిందటిదానికన్నా పొట్టిగా ఉండాలి. ఇప్పుడు అసలు పరీక్ష. గుండ్రాన్ని ఏమాత్రం మార్చకుండా, ఎడాలూ గెంతుల ఎత్తూ మాత్రమే మార్చి, దాన్ని ఒకసారి ఇనుప గుండుగా, ఇంకోసారి గాలి బుడగగా చూపించండి. ఇది చేతనైతే, బొమ్మలు గీయడం రానివాళ్లకు యానిమేషన్ రాదన్న భయం అక్కడితో పోతుంది.

డిస్నీ స్టూడియోలో దశాబ్దాలు పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్‌లు 1981లో తమ పుస్తకంలో ఇలాంటి 12 సూత్రాలను పొందుపరిచారు. నొక్కుడు, సాగుడు, కదలబోయే ముందు చిన్న సన్నాహం, నెమ్మదిగా మొదలై నెమ్మదిగా ఆగడం... ఇవన్నీ అందులోనివే. మనకు బాగా దగ్గరి ఉదాహరణ కావాలంటే 2012 నాటి ‘ఈగ’ సినిమాను మరోసారి చూడండి, ఈసారి శబ్దం తీసేసి. ఈగ ముఖంలో మనిషి కవళికలేవీ పలకవు. కోపం, పట్టుదల, అల్లరి అన్నీ ఒంటి వంపులోంచి, కాళ్ల విసురులోంచి, ఆగిన క్షణంలోంచి వస్తాయి. ఆ సినిమాకు స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ అవార్డు రావడం సబబే. ఒక్కో షాట్‌ను ఆపి ఆపి చూడటం ఎంత ఫీజు కట్టినా దొరకని పాఠం.

సెకనుకు అరవై

ఇక కంప్యూటర్ దగ్గరికి వద్దాం. మొదలుపెట్టడానికి పైసా ఖర్చు లేదు. బ్రౌజరూ, ఉచితంగా దొరికే టెక్స్ట్ ఎడిటరూ చాలు. పేజీ నిర్మాణం రాసే హెచ్‌టీఎంఎల్‌లో ఒక గడి పెట్టి, రూపం దిద్దే సీఎస్ఎస్‌తో గుండ్రం చేసి, కీఫ్రేమ్స్ రాయాలి. బంతి పైన ఉన్నప్పటి స్థితి, కింద ఉన్నప్పటి స్థితి మనం చెబుతాం. మధ్యలోవి బ్రౌజర్ నింపుకుంటుంది. వెనకటి కార్టూన్ స్టూడియోల్లో ముఖ్యమైన భంగిమలు పెద్ద చిత్రకారులు గీస్తే, మధ్య బొమ్మలు సహాయకులు గీసేవారు. ఆ సహాయకుల కొలువు ఇప్పుడు బ్రౌజర్‌ది.

మధ్య బొమ్మలు ఏ వేగంతో నింపాలో చెప్పేదాన్ని ఈజింగ్ అంటారు. అది నాలుగు సంఖ్యలతో తయారయ్యే ఒక వంపు, పేరు క్యూబిక్ బెజియర్. 1960ల్లో ఫ్రాన్స్‌లో రెనో కార్ల కంపెనీ ఇంజినీరు పియర్ బెజియర్ కారు ఒంటి వంపులను లెక్కల్లో పెట్టడానికి వాడిన గణితం ఇది. పోటీ కంపెనీ సిట్రోయెన్‌లో పాల్ డి కాస్టెల్జో అంతకు ముందే అదే దారిలో నడిచాడు. కారు తలుపుల కోసం పుట్టిన ఆ వంపే ఇవాళ మన ఫోన్‌లో మెనూ ఎంత మెత్తగా తెరుచుకోవాలో నిర్ణయిస్తోంది. నోట్‌బుక్‌లో బంతి గీసి వచ్చినవారికి ఈ వంపు చూడగానే అర్థమవుతుంది. నేరుగా ఇక్కడికి వచ్చినవారు నాలుగు సంఖ్యలను గుడ్డిగా మారుస్తూ కూర్చుంటారు.

ఎక్కువ తెరలు సెకనుకు 60 సార్లు మారతాయి. అంటే ఒక్కో ఫ్రేము సిద్ధం చేయడానికి బ్రౌజర్‌కున్న వ్యవధి 16.7 మిల్లీసెకన్లు. దాటితే కదలిక తడబడుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. బంతిని జరపడానికి ‘టాప్’, ‘లెఫ్ట్’ విలువలు మార్చారనుకోండి, బ్రౌజర్ ప్రతి ఫ్రేముకూ పేజీ అమరికను మళ్లీ లెక్కవేయాల్సి వస్తుంది. పంక్తి భోజనంలో ఒకరు జరిగితే వరసలో అందరి విస్తళ్లూ సర్దాల్సి వచ్చినట్టన్నమాట. అదే పనిని ‘ట్రాన్స్‌ఫార్మ్’తో చేస్తే మిగతా పేజీని ముట్టుకోకుండా ఆ ఒక్క పొరనే జరుపుతుంది, ఆ భారం చాలావరకు గ్రాఫిక్స్ చిప్ మోస్తుంది. మసకబార్చడానికి వాడే ‘ఒపాసిటీ’ కూడా అంతే తేలిక. కదిలించాల్సింది వీలైనంతవరకు ఈ రెంటితోనే కదిలించడం మంచిది. ఖరీదైన ల్యాప్‌టాప్‌లో తేడా తెలియదు. ఇంట్లో పెద్దవాళ్లు వాడే నాలుగైదేళ్ల నాటి చవక ఫోన్‌లో తెరిచి చూడండి, వెంటనే తెలుస్తుంది. మన పాఠకులు, మన విద్యార్థులు చాలామంది చేతుల్లో ఉన్నది అలాంటి ఫోనే కాబట్టి, పరీక్షించాల్సింది దాని మీదే.

మెనూ తెరుచుకోవడం లాంటి చిన్న కదలికలకు 200 నుంచి 300 మిల్లీసెకన్లు చాలు. తయారుచేసేటప్పుడు మనకు ముచ్చటేసి సెకనున్నర పెడతాం. రోజుకు ఇరవైసార్లు దాన్ని నొక్కే మనిషికి ఆ ముచ్చట రెండో రోజుకే విసుగవుతుంది.

‘అ’ తనంతట తాను రాసుకుంటే

తొలి ప్రాజెక్టుగా తెలుగువాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. తెర మీద ‘అ’ తనంతట తాను రాసుకోవాలి. తర్వాత పిల్లవాడు వేలితో దాని మీద దిద్దాలి. యానిమేషనూ ఇంటరాక్షనూ రెండూ ఇందులో ఉన్నాయి.

దీనికి ఎస్‌వీజీ కావాలి. 2001లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణంగా ఆమోదించిన గీతల బొమ్మల పద్ధతి ఇది, ప్రతి బ్రౌజరూ అర్థం చేసుకుంటుంది. ఇందులో ఏ గీతనైనా ముక్కలు ముక్కలుగా చూపించే వీలుంది. గీత మొత్తం పొడవెంతో అంత పొడవైన ఒకే ముక్క, దాని పక్కన అంతే పొడవైన ఖాళీ అని చెప్పాలి. మొదట ఖాళీ భాగం గీత మీద ఉండేలా జరిపితే గీత కనబడదు. ఆ జరుపును సున్నాకు తెస్తూ పోతే గీత ఒక కొస నుంచి రెండో కొస దాకా పడుతూ వస్తుంది. ఫోన్‌లో టిక్కు పడటానికి వాడే కిటుకుల్లో ఇదొకటి.

ఇక్కడే ఒక చిక్కు ఎదురవుతుంది. ఫాంట్‌లోని ‘అ’ను ఎస్‌వీజీగా మారిస్తే వచ్చేది అక్షరం చుట్టూ ఉండే అంచు గీత. దాన్ని కదిలిస్తే అక్షరం రాసినట్టు ఉండదు, చుట్టూ దారం కడుతున్నట్టు ఉంటుంది. చెయ్యి తిరిగే దారి, అంటే అక్షరం నడిమి గీత, మనమే గీసుకోవాలి. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాధనంలో ఫాంట్ అక్షరాన్ని అడుగున పెట్టి పైన నడిమి గీత లాగవచ్చు. చెయ్యి ఎక్కడ మొదలవ్వాలి, ఎటు తిరగాలి, ‘క’కు తలకట్టు ఎప్పుడు పెట్టాలి? ఒకటో తరగతి టీచర్‌ని అడిగి తెలుసుకోండి. వలయం తిరిగేచోట చెయ్యి కాస్త నెమ్మదిస్తుంది, చివర్లో విసురుగా లేస్తుంది. ఆ వేగాల తేడా కూడా పట్టుకుంటే తెర మీది ‘అ’ పలక మీది ‘అ’ అవుతుంది.

తర్వాత పిల్లవాడి వంతు. వేలు ఎక్కడుందో, స్పందనలు రాసే భాష జావాస్క్రిప్ట్‌కు తెలుస్తుంది. ఆ బిందువు మన నడిమి గీతకు ఎంత దూరంలో ఉందో చూడాలి. ఎంత దూరమైతే తప్పు? నాలుగేళ్ల పిల్లల వేళ్లు వణుకుతాయి, పక్కకు పోతాయి. హద్దు మరీ బిగిస్తే ఏడుస్తారు, వదిలేస్తే దిద్దడమే రాదు. దీన్ని సూత్రం తేల్చలేదు. పిల్లలకిచ్చి, పక్కన కూర్చుని, నోరు మూసుకుని చూడాలి. ఇంటరాక్టివ్ డిజైన్ అంతా ఆ చూడటంలోనే ఉంది. వేలు ఆనించాక పదో వంతు సెకను లోపు తెర స్పందిస్తే అది తన చెయ్యి చేసిన పనే అనిపిస్తుంది. ఆలస్యమైతే మళ్లీ మళ్లీ నొక్కుతారు. శబ్దం జోడించదలిస్తే ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. 2018 నుంచి క్రోమ్ బ్రౌజర్, చూసేవారు తెరను ముట్టుకోకముందే శబ్దం మోగించడానికి సాధారణంగా ఒప్పుకోదు. ‘మొదలుపెడదాం’ అని ఒక బటన్ పెట్టి, దాన్ని నొక్కాకే ‘అ అంటే అమ్మ’ అని వినిపించాలి.

ఒత్తు తెగిపోకుండా

అక్షరాలు ఒక్కొక్కటిగా ఎగిరొచ్చి మాటగా కుదురుకునే దృశ్యం ఏదైనా ఇంగ్లిషు పాఠంలో చూసి ముచ్చటపడి, ఆ పాఠంలోని కోడ్‌ను తెలుగు శీర్షికకు పెడితే అక్షరాలు చెల్లాచెదురైపోతాయి. ఇంగ్లిషులో ఒక్కో అక్షరం ఒక్కో సంకేతం. మనకు అలా కాదు. ‘అమ్మ’ చూడటానికి రెండక్షరాలే. కంప్యూటర్‌కు మాత్రం అ, మ, పొల్లు, మళ్లీ మ అని నాలుగు. ‘స్త్రీ’ ఒక్క అక్షరంలో ఆరు సంకేతాలున్నాయి. మామూలు పద్ధతిలో ముక్కలు చేసి ఒక్కోదాన్ని వేరే పెట్టెలో పెడితే, ఒత్తు ఊడి, గుడి ఎగిరిపోయి, చుక్కల వలయం తోడుగా తెర మీద తేలుతుంది. తెలుగు కార్యక్రమాల వీడియోల్లోనూ పోస్టర్లలోనూ ఇలా తెగిన మాటలు చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

అక్షరాలకు సంకేతాలిచ్చే ప్రమాణం యూనికోడ్‌లోనే తెలుగు ఒత్తులను ఒకే అక్షరంగా పట్టుకునే నియమం 2023లో వచ్చిన 15.1 కూర్పుతో చేరింది. జావాస్క్రిప్ట్‌లో అక్షరాల హద్దులు గుర్తించే ‘సెగ్మెంటర్’ అనే సదుపాయం ఉంది. కొత్త బ్రౌజర్లలో అది ‘అమ్మ’ను రెండుగానే విడదీస్తుంది, పాతవాటిలో ఒత్తు దగ్గర తెంపేస్తుంది. నమ్మకమైన దారి, అక్షరాలను వదిలి మాటలను కదిలించడం. చూడటానికి కూడా అదే హుందాగా ఉంటుంది. మన లిపిని యంత్రాలు ఎంత తేలిగ్గా తప్పుగా అర్థం చేసుకుంటాయో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ‘జ్ఞా’ అనే అక్షరం రాగానే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. కొద్దిరోజుల్లోనే యాపిల్ దిద్దుబాటు విడుదల చేసింది.

చూసేవారి కళ్లు

1997 డిసెంబరు 16 సాయంత్రం జపాన్ టీవీలో పోకేమాన్ కార్టూన్ ఒక భాగం ప్రసారమైంది. ఒక దృశ్యంలో ఎరుపూ నీలమూ సెకనుకు దాదాపు 12 సార్లు మెరిశాయి. చూస్తున్న పిల్లల్లో 600 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు, కొందరికి ఫిట్స్ వచ్చాయి. వెబ్‌కు సంబంధించిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇప్పుడు స్పష్టంగా చెబుతున్నాయి: సెకనుకు మూడుసార్లకు మించి తెర మెరవకూడదు. దానంతట అది మొదలై ఐదు సెకన్లకు మించి సాగే కదలికను ఆపే వీలు చూసేవారికి ఉండాలి.

కళ్లు తిరిగే జబ్బు, మైగ్రేన్ ఉన్నవారికి తెర నిండా ఊగే బొమ్మలు వికారం తెప్పిస్తాయి. అందుకే ఫోన్లలో ‘కదలికలు తగ్గించు’ అనే అమరిక ఉంటుంది. అది ఆన్‌లో ఉందో లేదో సీఎస్ఎస్ అడిగి తెలుసుకోగలదు. రెండు మూడు వరసల కోడ్ రాస్తే అలాంటివారికి కదలిక లేని రూపం చూపించవచ్చు. ఈ వరసలు రాయడం తొలి ప్రాజెక్టు నుంచే అలవాటు చేసుకోవాలి.

దారి ఎటు?

హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, ఎస్‌వీజీ చేతికి వచ్చాక జావాస్క్రిప్ట్. అది వచ్చాకే లైబ్రరీలు, అంటే సిద్ధంగా దొరికే కోడ్ కట్టలు. 2013లో లారెన్ మెకార్తీ మొదలుపెట్టిన పీ5.జేఎస్ కళాకారుల కోసమే పుట్టింది. ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజర్‌లోనే రాసుకోవచ్చు. జీశాప్ అనే ప్రసిద్ధ లైబ్రరీ 2025 నుంచి పూర్తిగా ఉచితం. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఎంఐటీ వాళ్ల స్క్రాచ్‌తో మొదలుపెట్టించండి. త్రీడీ కావాలనుకుంటే బ్లెండర్ ఉంది. ‘ఫ్లో’ అనే లాత్వియా సినిమాను ఆ ఉచిత సాధనంతోనే తీశారు. మాటలే లేని ఆ సినిమా 2025లో యానిమేషన్ విభాగంలో ఆస్కార్ గెలిచింది.

కోడ్ రాసిపెట్టే కృత్రిమ మేధ ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉంది. బంతిని గెంతించమంటే క్షణాల్లో గెంతిస్తుంది. ఆ గెంతులో బరువు ఉందో లేదో చెప్పాల్సింది మన కన్నే, ఆ కన్ను నోట్‌బుక్ మూలలు నింపినవారికే వస్తుంది. కాబట్టి లక్షల ఫీజు కట్టేముందు కొన్ని నెలలు ఇంట్లో ఉచితంగా ప్రయత్నించమని తల్లిదండ్రులకు నా విన్నపం. ఆసక్తి నిలిచి, డిజైన్ డిగ్రీయే చేయాలనుకుంటే యూసీడ్ రాసి ఐఐటీ హైదరాబాద్‌లో, ఎన్ఐడీ ప్రవేశ పరీక్ష రాసి మన ఆంధ్రప్రదేశ్ ఎన్ఐడీలో చేరే దారులున్నాయి.

పని అడగడానికి వెళ్లేవారు సర్టిఫికెట్ల కన్నా మూడు చిన్న పనులు లింకుతో చూపించగలిగితే మేలు. ప్రతిదానికీ ఒక పేరా రాసి పెట్టాలి: ఇది ఎందుకు కదులుతోంది, కదలకపోతే ఏం పోయేది. జవాబు దొరకని కదలికను తీసేయాలి. నేర్చుకునే తొలి రోజుల్లో ఇలా తీసేసినవే ఎక్కువ ఉంటాయి, ఉండాలి కూడా.

ఆ మూడింటిలో ఒక్కటైనా మన సొంత విషయం మీద ఉంటే ఎంత బాగుంటుందో. పోచంపల్లి ఇక్కత్‌నే తీసుకోండి. నేసిన తర్వాత అచ్చు వేయరు. నేయకముందే నూలును అక్కడక్కడ బిగించి కట్టి రంగులో ముంచుతారు. మగ్గం మీద పడుగూ పేకా కలిసేటప్పుడు ఆ రంగులు సరైన చోట పడితేనే డిజైన్ పలుకుతుంది. దీన్ని మాటల్లో చెబితే సగమే అర్థమవుతుంది. తెర మీద ఒక మీట పెట్టి, చూసేవారే నూలును కట్టి, ముంచి, ఒక్కో పోగు నేస్తూ, పేకను ఒక్క పోగు పక్కకు జరిపితే డిజైన్ అంచు ఎలా చెదురుతుందో తమ వేలితోనే చేసి చూడగలిగితే, నేతన్న పనిలోని లెక్క ఒక్క నిమిషంలో బోధపడుతుంది. నాగార్జునసాగర్ గేట్లు, గుణింతాలు, వరి నాటు నుంచి కోత దాకా, గ్రహణాలు... తెలుగులో ఇలా చెప్పాల్సినవి బోలెడున్నాయి, చేసినవి బహు కొద్ది. ఈ వారం నోట్‌బుక్‌లో బంతి గెంతిస్తే, ఏడాది తిరిగేసరికి వీటిలో ఒకటి మీ చేతి మీదుగా వెలువడవచ్చు.